సముద్రగర్భ ఖనిజాల వేట: వేడినీటి బుగ్గల దగ్గర చిక్కు ఎక్కడ మొదలైంది?

హిందూ మహాసముద్రం అడుగున 10,000 చదరపు కిలోమీటర్లలో లోహ సల్ఫైడ్ల (గంధకంతో కలిసిన లోహ ఖనిజాల) కోసం వెతకడానికి అంతర్జాతీయ సముద్రగర్భ ప్రాధికార సంస్థతో భారత్ 2016లో 15 ఏళ్ల ఒప్పందం చేసుకుంది. 2024 డిసెంబరులో మన శాస్త్రవేత్తలు 4,500 మీటర్ల లోతున మరుగుతున్న బుగ్గను ఫొటో తీశారు. వెతికే హక్కే దక్కింది, తవ్వే హక్కు కాదు. అయినా బుగ్గల దగ్గరి లోహమా, అక్కడి జీవమా అన్న గొడవ పాతదే.

1977 ఫిబ్రవరిలో పసిఫిక్‌లోని గాలపాగోస్ దీవుల దగ్గర భూగర్భ శాస్త్రవేత్తలు 'యాంగస్' అనే కెమెరా చట్రాన్ని సముద్రం అడుగున ఈడ్చారు. ఒకచోట ఉష్ణోగ్రత మూడు నిమిషాలలోపే పెరిగి, మళ్లీ పడిపోయింది. తీసిన 3,000 ఫొటోల్లో ఆ కాసేపటివి 13. వాటిలోనే తెల్లటి ఆల్చిప్పలు! 'ఆల్విన్' అనే చిన్న జలాంతర్గామిలో 2,500 మీటర్లు దిగి తెచ్చిన నీటి సీసాలు తెరిస్తే కుళ్లిన గుడ్ల కంపు, అంటే హైడ్రోజన్ సల్ఫైడ్. బృందంలో జీవశాస్త్రవేత్త ఒక్కరూ లేరు. ఫార్మాలిన్ చాలక కొన్ని నమూనాలను వోడ్కాలో నిలవచేశారు.

1979లో మెక్సికో తీరానికి దూరంగా నల్లపొగ కక్కే గొట్టాలు కనిపించాయి. అందులో పెట్టిన ఉష్ణమాపకం ప్లాస్టిక్ కొన కరిగిపోయింది. నీటి వేడి 350 డిగ్రీలకు పైనే. పైనున్న నీటి ఒత్తిడి దాన్ని ఆవిరి కానివ్వదు. ఆల్విన్ కిటికీలూ అక్రిలిక్‌వే. పొగకు మరీ దగ్గరగా వెళ్తే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

అది నిజానికి పొగ కాదు. పగుళ్లలోకి దిగిన సముద్రపు నీరు శిలాద్రవం వేడికి కాగి, రాళ్లలోని ఇనుము, రాగి, జింకులను కరిగించుకుని పైకొస్తుంది. 2 డిగ్రీల చల్లటి నీటిని తాకగానే అవి సల్ఫైడ్ రేణువులుగా గడ్డకట్టి గొట్టంలా పేరుకుంటాయి. గనుల వాళ్లకు కావాల్సింది అదే.

నోరు, పేగు లేని గొట్టపు పురుగు రిఫ్టియా ఎలా బతుకుతుందో 1981లో జీవశాస్త్రవేత్త కొలీన్ కావనా తేల్చారు: దాని ఒంట్లోని బ్యాక్టీరియా సల్ఫైడ్‌ను ఆక్సీకరించి ఆహారం తయారుచేస్తుంది. 'సూర్యుడితో పనిలేని జీవం' అనడం కొంత అతిశయోక్తే. ఆ ఆక్సీకరణకు కావాల్సిన ఆక్సిజన్ పైనుంచి, కిరణజన్య సంయోగక్రియ నుంచి వచ్చిందే.

పాదమంతా ఇనుప సల్ఫైడ్ పొలుసులుండే నత్త హిందూ మహాసముద్రపు బుగ్గల దగ్గరే దొరుకుతుంది. గనుల తవ్వకం ముప్పు వల్ల 2019లో దాన్ని అంతరించే ప్రమాదమున్న జీవుల ఎర్ర జాబితాలో చేర్చారు.

చల్లారిన గొట్టాలనే తవ్వుతామన్నది కొందరి వాదన. కానీ అన్వేషణలో సాధారణంగా ఆనవాలు పట్టించేది నీటిలోని వేడి, మసక. చల్లారిన వాటికి ఆ రెండూ ఉండవు కాబట్టి ముందు దొరికేవి జీవమున్న బుగ్గలే.