లిమిటెడ్ ఎడిషన్ సింగిల్ మాల్ట్: రంగు, వయసు, వాసన మీద కొన్ని అపోహలు

మొన్న ఒక విస్కీ టేస్టింగ్‌లో అందరి ముందూ రెండేసి గ్లాసులు పెట్టాను. ఒకదానిలోది లేత గడ్డి రంగు, నీళ్ళు ఎక్కువైన నిమ్మరసంలా ఉంది. రెండోది చిక్కటి డికాషన్. ఏది ఘాటుగా ఉంటుందని అడిగితే పన్నెండు మందిలో పదకొండు మంది డికాషన్ వైపే చూపించారు. నిజానికి ఆ లేత రంగుది లాగావులిన్ అనే స్కాట్లాండ్ డిస్టిలరీ వాళ్ళ 12 ఏళ్ళ విస్కీ, 2021 స్పెషల్ రిలీజ్, ఆల్కహాల్ 56.5 శాతం. డికాషన్ రంగుది 40 శాతం మామూలు సీసా.

అపోహ: రంగు ముదిరితే సరుకు మంచిది.

బట్టీ నుంచి దిగినప్పుడు ఏ విస్కీ అయినా నీళ్ళలా తెల్లగానే ఉంటుంది. రంగు పీపా ఇచ్చేది. షెర్రీ అనే స్పెయిన్ వైన్ నిలవ చేసిన పీపా అయితే ముదురు రంగు వస్తుంది. ఒకసారి విస్కీ పోసి తీసేసిన పాత పీపాలో మళ్ళీ పోస్తే లేతగా ఉంటుంది. ఆ లాగావులిన్ అలాంటి పాత పీపాల్లోదే. పైగా స్కాచ్‌లో, అంటే స్కాట్లాండ్ విస్కీలో, రంగు కోసం క్యారమెల్ కలపడానికి చట్టమే ఒప్పుకుంటుంది. కాబట్టి కంటికి కనిపించే రంగు పీపాదో, క్యారమెల్‌దో కూడా చెప్పలేం.

అపోహ: 18 ఏళ్ళది ఎప్పుడూ 8 ఏళ్ళదానికంటే గొప్ప.

స్కాట్లాండ్‌లో కనీసం 3 ఏళ్ళు ఓక్ చెక్క పీపాలో ఉంటేనే స్కాచ్ అనాలి. లేబుల్ మీద వేసే వయసు అందులో కలిపిన వాటిలో అన్నిటికంటే చిన్నదానిది. ఇంతవరకూ చాలామందికి తెలుసు. మర్చిపోయేది ఊరు. స్కాట్లాండ్ చలిలో పీపాలోంచి ఏడాదికి సుమారు 2 శాతం ఆవిరైపోతుంది. దాన్ని దేవదూతల వాటా అంటారు. బెంగళూరులో ఆ వాటా 10 నుంచి 12 శాతం! బెంగళూరు డిస్టిలరీ అమృత్ వాళ్ళు 2013లో తెచ్చిన 8 ఏళ్ళ లిమిటెడ్ ఎడిషన్‌కి 'గ్రీడీ ఏంజెల్స్' అని పేరు పెట్టింది అందుకే. దేవదూతలు ఆశపోతులన్నమాట. మిగిలింది 144 సీసాలు.

అలాగని 'బెంగళూరులో ఒక ఏడాది అంటే స్కాట్లాండ్‌లో మూడేళ్ళు' అనే లెక్క కూడా నేను నమ్మను. వేడికి చెక్క సారం గబగబా దిగుతుంది, నిజమే. చలిలో మెల్లగా జరిగే మార్పులన్నీ అదే వేగంతో జరగవు. వేడి ఊళ్ళో అవసరానికి మించి ఉంచితే వడ్రంగి షెడ్డులో రంపపు పొట్టు నోట్లో పడ్డట్టుంటుంది. అలాంటివి రెండు మూడు తాగాను. ఖరీదు మాత్రం ఘనంగానే ఉంది.

అపోహ: అరటిపండు, వెనిలా, కొబ్బరి అని రాస్తారంటే ఆ ఫ్లేవర్లు కలుపుతారు.

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. సింగిల్ మాల్ట్ అంటే మొలకెత్తించిన బార్లీ, నీళ్ళు, ఈస్ట్‌తో ఒకే డిస్టిలరీలో చేసిందే. మరి అరటిపండు ఎక్కడిది? బార్లీ పులిసేటప్పుడు ఎస్టర్లు అనే వాసనల రసాయనాలు పుడతాయి. అరటిపండు వాసనకి కారణమైన ఎస్టర్ కూడా వాటిలో ఉంటుంది. ఓక్ చెక్కని కాల్చినప్పుడు వెనిలాలో ఉండే వెనిలినే పుడుతుంది. ఎండుకొబ్బరి వాసన అమెరికన్ ఓక్‌లోని లాక్టోన్లు అనే రసాయనాలది. పొగ వాసన పీట్ వల్ల వస్తుంది. బురద నేలల్లో వేల ఏళ్ళు కుళ్ళి గడ్డకట్టిన మొక్కల మట్టి అది. దాన్ని కాల్చి ఆ పొగతో బార్లీని ఆరబెడతారు.

ఇంగ్లిష్ నోట్సులో రాసే హెదర్ పూలు మనలో ఎంతమంది చూశారు? కనుక నా క్లాసులో మీ ఇంటి మాటలే చెప్పమంటాను. ఆ రోజు ఒక రాజమండ్రి ఆవిడ లాగావులిన్ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని రెండు నిమిషాలు ఏమీ అనలేదు. తర్వాత అంది: 'మా అమ్మమ్మ గారి కట్టెల పొయ్యి దగ్గర ఎవరికో దెబ్బ తగిలితే టింక్చర్ పూసినట్టుంది.' నేను రాసుకున్న నోట్సు చింపేశాను. బర్బన్ అనే అమెరికన్ విస్కీ ఉంచిన పీపా అయితే ఎండుకొబ్బరి, తేనె అంటారు. షెర్రీ పీపా అయితే కిస్‌మిస్, ఎండు ఖర్జూరం.

అపోహ: నీళ్ళు కలిపితే పాడైపోతుంది.

50 శాతం దాటినదాన్ని యథాతథంగా వాసన చూస్తే ముక్కు మొద్దుబారుతుంది. అర టీస్పూన్ నీళ్ళు పోసి చూడండి. 2017లో స్వీడన్ పరిశోధకులు కంప్యూటర్ నమూనాలతో చూపించింది కూడా ఇదే: పలచన చేసినప్పుడు పొగ వాసనకి సంబంధించిన గ్వాయకాల్ పైపొరకి చేరుతుంది. ముక్కు ఉండేది అక్కడే కదా. ఐస్ వేస్తే దీనికి వ్యతిరేకం, చల్లబడి వాసన అణిగిపోతుంది. నీళ్ళు పడగానే కొంచెం మబ్బుపడితే కల్తీ అని టెన్షన్ పడకండి, చల్లబరిచి వడకట్టని విస్కీ అలాగే చేస్తుంది.

అపోహ: లిమిటెడ్ అంటేనే మేలురకం.

ఎన్ని సీసాలైతే లిమిటెడ్ అనాలో స్కాచ్ చట్టంలో లెక్కేమీ లేదు. 144 సీసాలూ లిమిటెడే, వేల సీసాలూ లిమిటెడే. కొన్నిటిలో నిజంగా కొత్త ప్రయోగం ఉంటుంది, కొన్నిటిలో కొత్తది పెట్టె ఒక్కటే.

అపోహ: దాచిన కొద్దీ రుచి పెరుగుతుంది.

పీపాలోంచి సీసాలోకి వచ్చాక వయసు ఆగిపోతుంది. మూత తీసి, సగానికి పైగా ఖాళీ అయిన సీసాలో అయితే గాలి తగిలి నెలలు గడిచేకొద్దీ వాసన చప్పబడుతుంది. వైన్‌లాగా పడుకోబెట్టినా ముప్పే, ఆల్కహాల్ కార్కుని తినేస్తుంది. ఇది నాకు నా సొమ్ముతో తెలిసింది. ఒక లిమిటెడ్ సీసాని మంచి రోజు కోసమని మూడేళ్ళు బీరువాలో బట్టల కింద అడ్డంగా దాచాను. బావమరిది పెళ్ళి కుదిరిన రోజు తీస్తే కార్కు సగం చేతికొచ్చింది, సగం పొడిపొడిగా లోపల పడింది. మా ఆవిడ టీ వడపోసే జాలీ తెచ్చిచ్చింది, దాంతోనే వడకట్టి తలా కాస్త పోశాను.