గ్రాంటు దరఖాస్తులు: హ్యుమానిటీస్ పరిశోధకుల అపోహలు, అసలు సంగతులు

చరిత్ర, సాహిత్యం, తత్త్వశాస్త్రం వాళ్ల ప్రపోజల్స్ చదివి, తిరగరాయించి, గడువులోపు పంపించడం నా ఉద్యోగం. మనుషులు మారినా నాకు వినపడే మాటలు మాత్రం అవే.

అపోహ: ఈ అంశంపై ఇంతవరకు ఎవరూ పని చేయలేదు కాబట్టి గ్రాంటు ఇవ్వాలి.

చేయదగ్గది కాదు కాబట్టే ఎవరూ చేయలేదేమో! దరఖాస్తును అంచనా వేసే రివ్యూయర్‌కు ముందుగా వచ్చే అనుమానం అదే. ఒక ఉదాహరణ చూడండి. చిత్తుప్రతిలో తొలి వాక్యం: "పంతొమ్మిదో శతాబ్దపు ఖైదీల ఉత్తరాలపై సమగ్ర అధ్యయనం జరగలేదు." దాని మీద ఓ గంట కూర్చుంటే ఇలా అవుతుంది: "జైళ్ల చరిత్రను ఎక్కువగా అధికారుల నివేదికలు చూసే రాశాం. ఖైదీల ఉత్తరాలతో పోల్చి చదివితే ఆ నివేదికల్లో ఎంత నిలుస్తుంది?" కొత్త సమాచారం ఏమీ చేర్చలేదు. కానీ ఇప్పుడు ఒక ప్రశ్న ఉంది, జవాబు ఎటు వచ్చినా ఏదో ఒకటి తేలుతుంది.

అపోహ: మెథడాలజీ సైన్సువాళ్ల వ్యవహారం.

ఏ ఆర్కైవ్, ఏ దస్త్రాలు, ఆ చేతిరాత చదవగలిగేదెవరు, అనుమతి రాకపోతే ఏం చేస్తారు... ఇవి రాస్తే అదే మెథడాలజీ. "ఆరు నెలలు ఆర్కైవ్‌లో పరిశోధన" అంటే ఏమీ చెప్పనట్టే. రోజుకు ఎన్ని ఉత్తరాలు చదవగలరో లెక్క వేసుకోండి. ఉన్నవన్నీ ఆరు నెలల్లో తెమలవని మీకే అర్థమవుతుంది. అప్పుడు కొన్నే ఎంచుకోవాలి, అవే ఎందుకో చెప్పుకోవాలి. నేను చూసినంతలో ఎంపిక చేసే ప్యానెల్‌కు నమ్మకం కుదిరేది ఆ కారణం దగ్గరే. సిద్ధాంతకర్తల పేర్లు వరసపెట్టి రాసినచోట కాదు.

అపోహ: తక్కువ అడిగితే తప్పకుండా ఇస్తారు.

ఇవ్వరు. పని గురించి సరిగా ఆలోచించలేదనుకుంటారు. స్కానింగ్ రుసుము, బొమ్మల ప్రచురణ హక్కులు, అనువాదకుల పారితోషికం, మీ క్లాసులు ఇంకొకరు చెప్పడానికయ్యే ఖర్చు (దీన్ని కొన్ని సంస్థలు ఒప్పుకోవు, ప్రకటన చదవండి): ఇవన్నీ నిజమైన ఖర్చులే. పుస్తకాలు, కలం ఉంటే చాలదా అనే మాట బయటివాళ్లకన్నా మనవాళ్ల నోటే ఎక్కువ వింటాను.

అపోహ: చదివేది నిపుణులే కదా, వాళ్లకు అర్థమవుతుంది.

నిపుణులే, కాకపోతే మీ అంశంలో కాకపోవచ్చు. యూరోపియన్ యూనియన్ తరఫున పరిశోధనలకు నిధులిచ్చే యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్‌లో తొలిదశలో ప్యానెల్ సభ్యులు చదివేది సంక్షిప్త భాగమే. పూర్తి ప్రణాళికను పరిశీలించేది ఆ దశ దాటినవాళ్లదే. మధ్యయుగ న్యాయగ్రంథాల మీద మీరు రాసింది ఆధునిక రాజకీయ చరిత్రకారుడి చేతిలో పడొచ్చు. మొదటి పేజీలోనే ఆయనకు ఆసక్తి కలగాలి.

అపోహ: పబ్లిక్ ఎంగేజ్‌మెంట్ (పరిశోధనలో ప్రజలను కలుపుకోవడం) అంటే చివర్లో ఒక వెబ్‌సైట్, రెండు ఉపన్యాసాలు.

నాకు ఎక్కువ పని పెట్టేది ఇదే. "సామాన్య ప్రజలు" అని రాసి ఉంటే ఎవరు వాళ్లు అని అడుగుతాను. ఖైదీల ఉత్తరాల ప్రాజెక్టుకైతే జైళ్లలో పాఠాలు చెప్పేవాళ్లు, ఖైదీల కుటుంబాలతో పనిచేసే సంఘాలు. సరే, వాళ్లకు ఈ పరిశోధనతో ఏం పని? వాళ్లనే అడిగారా? సాధారణంగా ఇక్కడ మౌనం. అడిగి వచ్చాక రాసిన పేరా వేరుగా ఉంటుంది, ఒక్కోసారి పరిశోధన ప్రశ్నే మారిపోతుంది. వాళ్ల సమయానికి డబ్బు కూడా బడ్జెట్‌లో పెట్టండి. అందరూ ఉచితంగా వస్తారనుకోవడం మర్యాద కాదు.

యూనివర్సిటీ కాలేజ్ లండన్ 2010లో ఆంగ్ల తత్త్వవేత్త జెరెమీ బెంథమ్ రాతప్రతులను ఆన్‌లైన్‌లో పెట్టి, ఎత్తిరాయమని ఎవరినైనా ఆహ్వానించింది. వలంటీర్లు రాసినదాన్ని సిబ్బంది సరిచూశారు. అది బెంథమ్ రచనల సంపుటాలకు పనికొచ్చింది, చేతిరాతను కంప్యూటర్‌తో చదివించే సాధనాలకు శిక్షణ సామగ్రి కూడా అయింది. అక్కడ జనం శ్రోతలు కారు, పనిలో భాగస్వాములు. ప్రతి ప్రాజెక్టుకూ అది కుదరదు, కుదరనిచోట బలవంతంగా అతికించొద్దు.

హాజరు లెక్క ఇంపాక్ట్ (పరిశోధన వల్ల బయట వచ్చే మార్పు) కాదు. సభకు ఎంతమంది వచ్చారన్నది ఒకటి, దానివల్ల ఏం మారిందన్నది ఇంకొకటి. బ్రిటన్‌లో పరిశోధనలకు ప్రభుత్వ నిధులిచ్చే యూకేఆర్‌ఐ 2020లో ఇంపాక్ట్‌కు విడిగా ఉన్న పత్రాన్ని తీసేసింది. ఇక ఆ గొడవ వదిలిందనుకున్నవాళ్లున్నారు. నిజానికి ఆ సంగతి ప్రధాన ప్రతిపాదనలోకే వచ్చి చేరింది. అక్కడి విశ్వవిద్యాలయాల పరిశోధనను తూచే ఆర్‌ఈఎఫ్ అనే మదింపులోనైతే ఇంపాక్ట్ వాటా 2014లో 20 శాతం, 2021లో 25 శాతం.

అపోహ: తిరస్కరించారంటే ఆలోచన పనికిరానిది.

డబ్బు చాలక ఆగిపోయే మంచివీ చాలా ఉంటాయి. వ్యాఖ్యలు వచ్చిన రోజే జవాబు రాయకండి. వారం ఆగి, ఇద్దరు రివ్యూయర్లూ తడబడిన చోటేదో వెతకండి. అక్కడ తప్పు చాలావరకు మన వాక్యానిదే. మళ్లీ పంపేముందు నిబంధనలు చూసుకోండి. తొలిదశలో తక్కువ గ్రేడు వచ్చినవాళ్లు వెంటనే వచ్చే పోటీకి దరఖాస్తు చేయకూడదని కొన్నిచోట్ల ఆంక్ష ఉంది.

అపోహ: గ్రాంట్ల ఆఫీసువాళ్లు (అంటే మేం) ఉన్నారుగా, వాళ్లే రాసిపెడతారు.

వాదన మీది, మేం రాయలేం. ఎక్కడ అర్థం కాలేదో చెప్పగలం, అదీ వ్యవధి ఉంటే. గడువుకు నెలన్నర ముందు ఒక్క పేజీ పంపినా ప్రశ్ననే మార్చి చూడొచ్చు. రెండు రోజుల ముందు ముప్ఫై పేజీలు పంపితే నేను చూసేది బడ్జెట్ కూడికలు, అక్షరదోషాలు, సంతకాలు.