పొలం పిల్లల పేరున రాసేముందు: అపోహలు - వాస్తవాలు

నెల్లూరు కోర్టులో సివిల్ కేసులు చూస్తుంటాను. పొదలకూరు వైపు నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. కొంగులో చుట్టి తెచ్చిన దస్తావేజు నా ముందు పెట్టి, "చదువయ్యా, ఇందులో నాకు అన్నం పెట్టాలని రాసుందా?" అంది. రెండెకరాల నిమ్మతోట కొడుక్కి సెటిల్‌మెంట్ చేసిన, అంటే డబ్బు తీసుకోకుండా దానంగా రాసిచ్చిన కాగితం అది. రెండుసార్లు చదివాను. "ప్రేమాభిమానములతో" అని ఉంది. "ఈ దినమే స్వాధీనపరచితిని" అని ఉంది. ఆమె అడిగిన మాట ఎక్కడా లేదు.

అపోహ: పిల్లలు చూడకపోతే రాసిచ్చింది రద్దు చేసుకోవచ్చు.

వాస్తవం: రిజిస్టరైన దానాన్ని మీరొక్కరే వెళ్లి రద్దు చేసుకోలేరు. 2007 నాటి వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్‌లో ఒక దారి ఉంది. 60 ఏళ్లు నిండినవాళ్లు తమను చూసుకోవాలన్న షరతుతో ఆస్తి రాసిచ్చాక, తీసుకున్నవాళ్లు మాట తప్పితే, ఆ దస్తావేజు చెల్లదని ఆర్డీఓ దగ్గరి ట్రిబ్యునల్ ప్రకటించొచ్చు. అయితే ఆ షరతు ఉన్నట్టు చూపించాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే "తిండి, బట్ట, వైద్యం చూడాలి, చూడకుంటే ఇది రద్దు" అన్న ఒక్క వాక్యం రాయించండి. కొడుకు పక్కనుండగా ఆ మాట అనడానికి నోరు రాదు, నాకు తెలుసు. డాక్యుమెంట్ రైటర్‌కు ముందురోజే విడిగా చెప్పి పెట్టండి.

అపోహ: వీలునామా రాస్తే ఆస్తి చేయి దాటిపోయినట్టే.

వాస్తవం: మీరు బతికున్నన్నాళ్లూ ఆస్తి మీదే. ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. మీరు సంతకం పెట్టడం చూసిన ఇద్దరు సాక్షులు వాళ్లూ సంతకాలు చేయాలి. మీకంటే వయసులో చిన్నవాళ్లను పెట్టుకోండి, రేపు కోర్టుకొచ్చి చెప్పాల్సింది వాళ్లే. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా చేయించమనే అంటాను, "ఇది మా నాన్న సంతకం కాదు" అనే గొడవ తగ్గుతుంది. ఒకటికి రెండు వీలునామాలుంటే, సక్రమంగా రాసినవాటిలో చివరిదే చెల్లుతుంది, అది రిజిస్టర్ కాకపోయినా సరే.

అపోహ: కట్నమిచ్చి పంపాం, ఆడపిల్లకు వాటా లేదు.

వాస్తవం: ఉంది. హిందూ కుటుంబాల్లో పిత్రార్జితంలో కూతురికి పుట్టుకతోనే హక్కని హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ చెప్తుంది, 2020లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. తండ్రి స్వార్జితమైతే ఆయన ఇష్టం. ఆయన వీలునామా రాయకుండా పోతే భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, ఆయన తల్లి ఉంటే ఆమెకూ సమాన వాటాలు. ఆ తల్లిని చాలా ఇళ్లలో మరిచిపోతారు.

అపోహ: బ్యాంకులో నామినీ ఎవరైతే డబ్బు వాళ్లదే.

వాస్తవం: నామినీ తీసుకుంటారంతే. హక్కు వారసులది, వీలునామా ఉంటే అందులో రాసినవాళ్లది.

నిమ్మతోట వెనక్కి వస్తుందని ఆ పెద్దావిడకు నేను మాటివ్వలేకపోయాను. కానీ పోషణ ఖర్చు అడగడానికి షరతుతో పనిలేదు. ఆ వయోవృద్ధుల పోషణ చట్టం కిందే నెలకు 10,000 రూపాయల దాకా ఇప్పించొచ్చు. అర్జీ రాసి చదివి వినిపించాను. వేలిముద్ర వేసే ముందు ఒక్కటే అడిగింది: "వాణ్ణి జైల్లో పెట్టరు కదా?"