‘అరైవల్’ వెనుక ఉన్న రెండు పాత వాదాలు

2016లో వచ్చిన ‘అరైవల్’ సినిమాలో లూయిస్ బ్యాంక్స్ అనే భాషాశాస్త్రవేత్త గ్రహాంతరవాసుల లిపి నేర్చుకుంటుంది. నేర్చుకున్నకొద్దీ జరగబోయేవి కూడా ఆమెకు జ్ఞాపకాల్లా తోస్తాయి. భాష వస్తే భవిష్యత్తు ఎలా తెలుస్తుంది? ఈ ఊహకు ఆధారం రెండు పాత వాదాలు. సినిమా పైకి చెప్పింది అందులో బలహీనమైనదాన్నే.

అది సపీర్–వోర్ఫ్ వాదం: మనం మాట్లాడే భాషే మన ఆలోచనను మలుస్తుందని దాని సారం. బెంజమిన్ లీ వోర్ఫ్ వృత్తిరీత్యా అగ్నిప్రమాద బీమా కంపెనీ ఉద్యోగి. యేల్ విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రవేత్త ఎడ్వర్డ్ సపీర్ దగ్గర చదువుకున్నాడు. 1930లలో అమెరికాలోని హోపీ తెగ భాషను పరిశీలించి, మనం కాలం అనుకునేదాన్ని చెప్పే మాటలు గానీ వ్యాకరణ రూపాలు గానీ అందులో లేవన్నాడు. 1941లో, 44 ఏళ్లకే చనిపోయాడు. 1983లో భాషాశాస్త్రవేత్త ఎక్కెహార్ట్ మలోట్కి 600 పేజీలు దాటిన పుస్తకంలో హోపీ భాష నిండా కాలాన్ని చెప్పే మాటలూ రూపాలూ ఉన్నాయని చూపించాడు. భాష మన ఆలోచనను కొంత మలుస్తుందంటే పండితులు ఇప్పటికీ వింటారు. పూర్తిగా శాసిస్తుందంటే ఒప్పుకునేవాళ్లు దాదాపు లేరు.

సినిమాకు మూలమైన టెడ్ చియాంగ్ కథ 1998లో వచ్చింది. దాని వెన్నెముక మాత్రం రెండో వాదం, అది భౌతికశాస్త్రానిది. కాంతి గాలిలోంచి నీళ్లలోకి వెళ్లేటప్పుడు వంగుతుంది. 1662లో ఫ్రెంచ్ గణితవేత్త పియేర్ ద ఫెర్మా దీనికిచ్చిన వివరణ వింతగా ఉంటుంది: రెండు బిందువుల మధ్య అతి తక్కువ సమయం పట్టే దారినే కాంతి పట్టుకుంటుంది. మరైతే ఎక్కడికి చేరాలో బయల్దేరేటప్పుడే దానికి తెలిసుండాలి కదా? ప్రకృతికి అలాంటి ముందుచూపు ఉండదని తత్వవేత్త డెకార్ట్ అనుయాయి క్లెర్సెలియే అప్పుడే అభ్యంతరం చెప్పాడు. బడిలో నేర్చుకునే స్నెల్ నియమం, కాంతి నీటిని తాకిన చోట ఏమవుతుందో చెబుతుంది. ఫెర్మా సూత్రం దారి మొత్తాన్ని ఒకేసారి చూస్తుంది. జవాబు రెండింటిలోనూ ఒకటే, ఏదీ తప్పు కాదు. మనుషులు మొదటి చూపుతోనూ, గ్రహాంతరవాసులు రెండో చూపుతోనూ ఎదిగారనుకుంటే ఏమవుతుంది? చియాంగ్ కథంతా ఈ ప్రశ్నే. ఇంత గొప్ప ఊహ సైన్స్ ఫిక్షన్‌లో అరుదు.

దర్శకుడు డెనీ విల్నోవ్ సినిమాలో ఫెర్మా ఊసు లేదు. మొదలూ చివరా లేని ఆ వలయాకార అక్షరాల్లో మాత్రం ఆ ఆలోచన మిగిలింది: వాక్యం ఎలా ముగుస్తుందో తెలియకుండా మొదటి గీత గీయడం కుదరదు. అది చాలా అందమైన పరిష్కారం.

పెద్ద నష్టం మరోచోట జరిగింది. కథలో లూయిస్ కూతురు 25 ఏళ్లకు కొండ ఎక్కుతూ పడి చనిపోతుంది. సినిమాలో నయంకాని జబ్బుతో ఇంకా చిన్న వయసులోనే పోతుంది. జబ్బును ఆపడం తల్లి చేతిలో లేదు. కొండెక్కవద్దని ఒక్క మాట అనడం మాత్రం ఎవరికైనా చేతనవుతుంది. అంతా ముందే తెలిసిన తల్లి ఆ మాట ఎందుకు అనదన్నదే చియాంగ్ మనముందు పెట్టిన అసలు చిక్కు. జబ్బుతో ఆ చిక్కు సగం తేలిపోయింది.