కాజా పొరల్లో పాకం, పొట్ట పొరల్లో మత్తుమందు

"మా అమ్మాయికి సిజేరియన్ అయింది. నడుముకి మత్తు ఇచ్చారు కదా, మళ్ళీ పొట్టకి అటూ ఇటూ రెండు ఇంజెక్షన్లు ఎందుకండీ?" అని ఒక పాఠకురాలు అడిగారు. అవి కోత నొప్పి తెలియకుండా పొట్ట గోడ నరాలకి మత్తు ఇచ్చే సూదులు, వీటిని 'ట్యాప్ బ్లాక్' అంటారు. ఆ రెండు సూదుల గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు.

పొట్ట పక్కన మూడు కండరాలు ఒకదాని మీద ఒకటి పరిచినట్టు ఉంటాయి. ఎక్స్‌టర్నల్ ఆబ్లిక్, ఇంటర్నల్ ఆబ్లిక్, ట్రాన్స్‌వర్సస్ అబ్డామినిస్. మెడికల్ విద్యార్థులు ఈ పేర్లు బట్టీ పడతారు, మార్కులూ వస్తాయి. కానీ రెండో పొరకీ మూడో పొరకీ మధ్య సందు ఎందుకు ముఖ్యమో చాలా ఆలస్యంగా తెలుసుకుంటారు. పొట్ట గోడకి స్పర్శనిచ్చే నరాలు వెన్ను నుంచి చుట్టూ తిరిగి ముందుకు వచ్చేది ఆ సందులోంచే.

తాపేశ్వరం మడత కాజా గుర్తు తెచ్చుకోండి. పాకంలో వేస్తే అది మడతల సందుల్లోకి పాకుతుంది, ఎక్కడ కొరికినా తీపే. ఇక్కడా అంతే. ఒక్కో నరాన్నీ వెతకక్కర్లేదు. సందులో ఒక్కచోట మందు వదిలితే అదే పరుచుకుంటూ పోయి దారిలో ఉన్న నరాలన్నిటినీ తడుపుతుంది. పాకం తక్కువైతే చివరి మడతలు చప్పగా మిగులుతాయి. అందుకే మందుని పలచన చేసి, ఒక్కో వైపు సుమారు 20 మిల్లీలీటర్లు ఇస్తారు. సూది సందులో కాకుండా కండరంలో దిగితే మందు అక్కడే ఉబ్బి ఆగిపోతుంది. అల్ట్రాసౌండ్ తెర మీద ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది: సరైన చోట పడితే రెండు పొరలూ విడిపోయి, మధ్యలో నల్లటి కన్ను తెరుచుకున్నట్టు ఉంటుంది. ఎన్నిసార్లు చూసినా నాకు అది అద్భుతమే.

2001లో రఫీ అనే డాక్టర్ ఈ పద్ధతిని వర్ణించినప్పుడు తెర లేదు. తుంటి ఎముక పైన ఉన్న చిన్న త్రికోణంలో సూది గుచ్చి, పొర దాటినప్పుడు చేతికి తెలిసే 'టప్'ని బట్టి సందుని పట్టుకునేవారు.

నరం దగ్గర జరిగేది ఇంకా బాగుంటుంది. ఇందులో వాడే మత్తుమందు బుపివకైన్ అణువుల్లో విద్యుదావేశం లేనివే కొవ్వుతో చేసిన నరం పొరని దాటగలవు. లోపలికెళ్ళాక ఆవేశం తెచ్చుకుని, సోడియం అయాన్లు వచ్చే ద్వారాన్ని లోపలి వైపు నుంచి మూసేస్తాయి. సోడియం రాకపోతే నొప్పి కబురు ముందుకు కదలదు. కాజాలో పాకం ఉండిపోతుంది కానీ, ఈ మందుని రక్తం మెల్లగా లాక్కుపోతుంది. మోతాదు మించితే చెవుల్లో హోరు, నోటి చుట్టూ తిమ్మిరి, ఫిట్స్ రావచ్చు. అందుకే బరువుని బట్టి లెక్క కడతారు.

ఈ బ్లాక్ కోత నొప్పినే ఆపుతుంది. గర్భాశయం ముడుచుకునే నొప్పి వేరే నరాల దారిలో వెళ్తుంది, దానికి మాత్రలు కావాలి. నడుము ఇంజెక్షన్‌లోనే మార్ఫిన్ అనే గట్టి నొప్పి మందు కలిపి ఉంటే ఈ బ్లాక్ వల్ల అదనపు లాభం తక్కువ, కాబట్టి అందరికీ ఇవ్వరు.

"సూది వేయించుకుంటే జీవితాంతం నడుము నొప్పే" అని భయపెట్టేవాళ్ళు మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు. ఈ సూది వెన్ను దగ్గరికే పోదు. బాలింత కదలకూడదన్న మాట కూడా వినకండి. కోత నొప్పికి భయపడి గట్టిగా దగ్గకపోతే ఊపిరితిత్తుల్లో కఫం పేరుకుంటుంది, నడవకపోతే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. బ్లాక్ మామూలుగా 6 నుంచి 12 గంటలు పనిచేస్తుంది. డాక్టర్ సరేనన్నాక ఆ వ్యవధిలోనే అమ్మాయిని లేపి నాలుగు అడుగులు వేయించండి. రాసిచ్చిన నొప్పి మాత్ర, బ్లాక్ దిగిపోయేదాకా ఆగకుండా, టైముకే వేయండి.