ఖాళీ తూటా, దుప్పి కొమ్ము, విమానం టిక్కెట్టు: అపోహలు - వాస్తవాలు

నెల్లూరుకి విమానాశ్రయం లేదు గాని, విమానం ఎక్కేవాళ్ళకి మాత్రం కొదవ లేదు. నెల్లూరోళ్ళు చెన్నైకో రేణిగుంటకో పోతారు, ఒంగోలు వాళ్ళు గన్నవరం పట్టుకుంటారు. కువైట్ పోయే ఉదయగిరి డ్రైవర్ దగ్గర్నుంచి, టెక్సాస్‌లో కొడుకు ఇంట్లో ఆర్నెల్లు ఉండొచ్చే కావలి పెద్దాయన దాకా అందరి సంచులూ ఎక్స్‌రే మిషను గుండా పోవాల్సిందే. ఆ మిషను తెర ముందు కూర్చోవడమే నా ఉద్యోగం. ఇప్పుడు రిటైరై కావలిలో ఉంటున్నా. అయినా బంధువుల ఫోన్లు ఆగలేదు. "మావా, వేటకి పోయినప్పుడు పేలిన తూటా గుర్తుగా తెచ్చుకోవచ్చా?" "బాబాయ్, దుప్పి కొమ్ము సూట్‌కేసులో పెడితే ఏమన్నా అంటారా?" ఒకే జవాబు పదిమందికి చెప్పేకన్నా రాసి పెడితే మేలనిపించింది.

అపోహ: పేలిపోయిన తూటాలో మందు ఉండదు. ఉత్త ఇత్తడి ముక్కకి కేసేంది?

అందరికంటే ఎక్కువగా అడిగేది ఇదే. కాబట్టి కాస్త విడమరిచి చెప్తాను.

తూటాకి నాలుగు భాగాలు. బయటి గొట్టం, అడుగున ప్రైమర్ (మందుకి నిప్పు అంటించే ముక్క), లోపల మందు, మూతి దగ్గర గుండు. 12 బోర్ తూటా అయితే గొట్టం ప్లాస్టిక్‌ది, అడుగు ఇత్తడిది, లోపల సీసం గుళ్ళు. పేల్చాక గొట్టమూ, కాలిపోయిన ప్రైమరూ మిగుల్తాయి. ఎక్స్‌రే తెరమీద రంగులు వస్తువు స్వభావాన్ని బట్టి పడతాయి. తిండి, బట్ట, ప్లాస్టిక్ లాంటివి నారింజ రంగులో, ఇనుము, ఇత్తడి లాంటి లోహాలు నీలంలో, కిరణం దూరలేని సీసం లాంటివి నల్లగా కనిపిస్తాయి. మూతి దగ్గర నల్లటి గుండు లేకపోతే ఖాళీదని అనుకోవచ్చు. అలాగని స్క్రీనర్ తెరను చూసి "ఇది ఖాళీదిలే, పోనీ" అని వదిలెయ్యడానికి లేదు. ఆ ఆకారం కనపడిందా, బ్యాగు పక్కకి తీయాల్సిందే, తెరిచి చూడాల్సిందే. పైగా మా కళ్ళు నిద్రపోకుండా మిషనే మధ్యమధ్యలో దొంగ బొమ్మలు పడేస్తుంటుంది. మీ చీరల నడుమ ఉన్నట్టుండి ఒక పిస్తోలు బొమ్మ ప్రత్యక్షమవుతుంది. మీట నొక్కితే అది ఉత్తదే అని చెప్తుంది, నొక్కకపోతే ఆ తప్పు స్క్రీనర్ లెక్కలో రాసుకుంటుంది. అలాంటి కుర్చీలో కూర్చున్నవాడు మీ తీపి గుర్తు మీద దయ చూపిస్తాడని ఆశ పెట్టుకోకండి.

చట్టం సంగతికొస్తే, 1959 ఆయుధాల చట్టం తూటాకి ఇచ్చిన నిర్వచనంలో తూటా భాగాలు కూడా ఉన్నాయి. అదే చట్టం 45వ సెక్షన్‌లో ఒక సడలింపూ ఉంది. మిగతా భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేని చిన్నాచితకా భాగాలు దగ్గరుంటే ఈ చట్టం వర్తించదని. ఖాళీ గొట్టం దొరికినవాడి లాయరు పట్టుకునేది దీన్నే. కాకపోతే ఆ వాదన వినాల్సింది కోర్టు. తెల్లారుజామున మూడింటికి సెక్యూరిటీ చెక్ దగ్గర నిలబడ్డ జవానుకి ఆ అధికారం లేదు. రాసుకుని పోలీసులకి అప్పజెప్పడమే ఆయన పని. మీరు స్టేషన్‌లో వివరం చెప్పుకునే లోపు విమానం రన్‌వే దాటిపోతుంది.

అపోహ: అమెరికాలో ఖాళీ గొట్టం చేతి సంచిలోనే పంపించారు. ఇక్కడ మాత్రం ఎందుకు ఆపుతారు?

అమెరికా విమానాశ్రయాల్లో పేలిపోయిన ఖాళీ గొట్టాన్ని అనుమతించే మాట నిజమే. గుండు ఉండకూడదు, ప్రైమర్ కాలిపోయి ఉండాలి. కానీ డల్లాస్‌లో ఎక్కినవాడు నేరుగా చెన్నైలో దిగడు. దోహాలోనో దుబాయ్‌లోనో దిగి మారతాడు, అక్కడ చేతి సంచి మళ్ళీ మిషనులో పెడతారు. ఆ దేశం చట్టం ఆ దేశానిది. తర్వాత చెన్నైలో కస్టమ్స్. చివరికి ఇంకో దేశీయ విమానం ఎక్కేవాడైతే మరో సెక్యూరిటీ. బయల్దేరిన చోట ఒప్పుకున్నారు కదా అని దారిపొడుగునా ఒప్పుకోరు.

అపోహ: అమెరికాలో తుపాకీ ఎవరైనా పట్టుకోవచ్చు. మావాడు చదువుకోడానికి పోయి స్నేహితులతో జింకల వేటకి కూడా పోయొచ్చాడు.

పోయొచ్చాడు సరే. లైసెన్సుతో పోయాడా లేదా అన్నది ముఖ్యం. అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం స్టూడెంట్ వీసా, హెచ్-1బి, టూరిస్టు వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గాని తూటా గాని దగ్గర పెట్టుకోకూడదు. మినహాయింపులు కొన్నే. వాటిలో మనవాళ్ళకి పనికొచ్చేది ఒకటి: అమెరికాలోని ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు దాటని వేట లైసెన్సు. గ్రీన్ కార్డు వాళ్ళకి ఈ అడ్డంకి లేదు. ఇంకో మెలిక ఏందంటే, ఆ చట్టంలో తూటా అన్న మాటకి గొట్టం, ప్రైమర్, గుండు, మందు విడివిడిగా కూడా వస్తాయి. అందుకే వేటకి పోయే పిల్లలకి నేను చెప్పేది, ముందు ఆ లైసెన్సు తీసుకోండి, దాని కాపీ ఫోనులో పెట్టుకోండి అని. వీసా మీద బతికేవాడికి ఫెడరల్ నేరం అంటే జరిమానాతో తీరేది కాదు.

అపోహ: చేతి సంచిలో అయితేనే చూస్తారు. లగేజీలో వేసేస్తే బాధ లేదు.

లగేజీ కూడా మిషనులోంచే పోతుంది. తేడా ఏందంటే, ఆ సమయానికి మీరు పక్కన ఉండరు. అనుమానం వస్తే మీ పేరు మైకులో పిలుస్తారు.

ఇక నిజమైన తూటాలు. విమానయాన నిబంధనల ప్రకారం లైసెన్సుదారు తన సొంత వాడకానికి మొత్తం 5 కిలోల బరువు మించకుండా, గట్టి పెట్టెలో సర్ది, ఎయిర్‌లైన్ ముందస్తు అనుమతితో లగేజీలో మాత్రమే వేసుకోవచ్చు. పేలుడు గుండు, నిప్పు గుండు రకాలు అసలే కుదరవు. ఈ 5 కిలోలు అంతర్జాతీయ గరిష్ఠ పరిమితి. దేశాన్ని బట్టి, ఎయిర్‌లైన్‌ను బట్టి ఇంకా తక్కువ కూడా ఉంటుంది. విడి తుపాకీ మందు మాత్రం చేతి సంచిలోనూ వద్దు, లగేజీలోనూ వద్దు.

అపోహ: నాకు లైసెన్సు ఉంది, నన్నెవరు ఆపుతారు?

మన జిల్లాల్లో పంట కాపలాకి తుపాకీ లైసెన్సు ఉన్న రైతులు, మాజీ సైనికులు ఉన్నారు. లైసెన్సు అంటే తుపాకీ, తూటా దగ్గర పెట్టుకునే అనుమతి. విమానం క్యాబిన్‌లోకి తీసుకుపోయే అనుమతి కాదు. పైగా లైసెన్సు ఏ ప్రాంతానికి చెల్లుతుందో దాని మీదే రాసుంటుంది. ఆంధ్రప్రదేశ్ వరకే ఉన్న లైసెన్సు పట్టుకుని తూటాలతో చెన్నైలో అడుగుపెడితే తమిళనాడు పోలీసులు అడిగే మొదటి ప్రశ్న అదే. నెల్లూరు నుంచి విమానానికి పోవడమంటే సగం సార్లు రాష్ట్రం దాటడమేనని మనవాళ్ళకి తోచదు.

అపోహ: సంచిలో ఉన్నట్టు నాకే తెలీదు. తెలీకుండా ఉంటే నేరం కాదు.

ఇందులో సగం నిజం ఉంది, ఆ సగమే ముంచుతుంది.

తన దగ్గర ఆయుధం ఉందన్న ఎరుక ఉంటేనే అది స్వాధీనం కింద లెక్క అని సుప్రీంకోర్టు 1972లో గున్వంత్‌లాల్ కేసులో చెప్పింది, 1994లో సంజయ్ దత్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం కూడా ఆ మాటే నిలబెట్టింది. బ్యాగు మూల ఒక్క తూటా దొరికిన ప్రయాణికుల కేసుల్ని ఢిల్లీ హైకోర్టు చాలాసార్లు కొట్టేసింది. ఇవన్నీ వాస్తవాలే. కాకపోతే కొట్టేయడానికి ముందు కేసు అంటూ ఒకటి ఉండాలిగా. ఎఫ్‌ఐఆర్ కడతారు, తూటా ఫోరెన్సిక్ ల్యాబుకి పోతుంది, రిపోర్టు రావాలి, లాయరు హైకోర్టులో పిటిషన్ వెయ్యాలి. లైసెన్సు లేకుండా తూటా ఉంటే 2019 సవరణ తర్వాత శిక్ష 2 నుంచి 5 ఏళ్ళు. కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తుండగా పాస్‌పోర్టు రెన్యువల్‌కి పెడితే అక్కడా ముడిపడుతుంది, కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. రెండు వారాల సెలవు మీద వచ్చిన కుర్రాడికి కేసు గెలవడం కంటే ముందు ఉద్యోగం నిలుపుకోవడం కష్టమవుతుంది.

నేను చూసినవాటిలో ఆయుధం దాచి తెచ్చే ఘటికులు బహు తక్కువ. ఎక్కువమందిది సంచి గొడవే. నాన్న తోటకి కాపలా పోయినప్పుడు భుజాన వేసుకున్న సంచిలో కొడుకు లాప్‌టాప్ పెట్టుకుని విమానానికి వస్తాడు. పక్క జిప్పులో, లోపలి గుడ్డ చిరిగిన చోట, అట్ట అడుగున ఒక తూటా నక్కి ఉంటుంది. ఎన్‌సీసీ ఫైరింగ్ క్యాంపు నుంచి పిల్లలు జేబులో వేసుకొచ్చే గొట్టాలదీ అదే దారి, అసలు అక్కడ పేలిన ప్రతి గొట్టమూ లెక్కపెట్టి తిరిగి ఇవ్వాలి. అందుకే నా మాట ఒక్కటే: వేటకి, తోటకి, షూటింగ్ రేంజికి పోయిన సంచి విమానం ఎక్కకూడదు. వేరే సంచి కొనుక్కోండి. అంతగా అదే కావాలంటే జిప్పులన్నీ తీసి, తలకిందులు చేసి దులిపి, ప్రతి అరలోనూ చెయ్యి పెట్టి తడమండి. జాకెట్టు జేబులు కూడా.

అపోహ: చెక్ ముందు గుర్తొస్తే బాత్‌రూము చెత్తబుట్టలో పడేస్తే చాలు.

అంతకంటే చెడ్డ ఆలోచన లేదు. ఊడ్చే ఆమెకి తూటా దొరికితే విమానాశ్రయం మొత్తం అప్రమత్తమవుతుంది, కెమెరాల్లో మీరు లోపలికి పోయింది, బయటికి వచ్చింది అంతా కనపడుతుంది. మర్చిపోయినవాడు కాస్తా దాచినవాడు అవుతాడు. మిషనులో పెట్టకముందే సెక్యూరిటీ వాళ్ళతో "నా సంచిలో ఇదుంది, ఇప్పుడే చూసుకున్నాను" అని చెప్పండి. లైసెన్సు ఉంటే చూపించండి. కేసు తప్పుతుందని హామీ ఇవ్వలేను గాని, తర్వాత ఏ కోర్టులోనైనా మీ వైపు నిలబడే మాట అది.

అపోహ: సంచి ఉతికాను, మందు వాసన లేదు, ఏమీ దొరకదు.

గుడ్డ ముక్కతో సంచి తుడిచి మిషనులో పెడతారు చూశారూ, అది వాసన చూడదు, పేలుడు పదార్థాల అణువులు పడుతుంది. వేట బట్టల మీద, చేతి తొడుగుల మీద అవి మిగిలే అవకాశం ఉంది. మోగితే కంగారు పడొద్దు. మరోసారి తుడుస్తారు, సంచి విప్పుతారు, ప్రశ్నలు వేస్తారు. వేటకి పోయింది నిజమైతే నిజమే చెప్పండి.

అపోహ: కువైట్ ఎడారిలో పడి ఉన్న గొట్టాలు ఎవరివీ కావు.

సేటు ఎడారికి వేటకి పోతే వెంట పోయే డ్రైవర్లలో మనవాళ్ళుంటారు. ఇసుకలో మెరిసే ఇత్తడి కనపడితే పిల్లలకి బొమ్మలా ఉంటుందని జేబులో వేస్తారు. 1990-91 యుద్ధం తాలూకు పేలని గుండ్లు కూడా ఆ ఇసుకలో ఉన్నాయి. ఏది పేలింది, ఏది పేలలేదు అని మనం చేత్తో తేల్చేది కాదు. ముట్టుకోకండి, అంతే.

అపోహ: దుప్పి కొమ్ములు రాలినవే, వేటాడి తెచ్చినవి కాదు.

దుప్పి, కణితి ఏటా కొమ్ములు రాల్చే మాట నిజమే. నల్లమల అంచున గిద్దలూరు, యర్రగొండపాలెం వైపు ఇళ్ళలో పాత కొమ్ములు గోడకి కనిపిస్తాయి కూడా. అయితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ట్రోఫీ అన్న మాట కింద కొమ్ము, గోరు, పన్ను, ఈక అన్నీ రాసిపెట్టింది. రాలిందా, నరికిందా అన్నది మీరు రుజువు చెయ్యలేరు. తాతల నాటివి ఉన్నాయని చెప్పుకోడానికి ప్రభుత్వం 2003లో 180 రోజుల గడువు ఇచ్చింది. అప్పుడు చెప్పుకుని యాజమాన్య పత్రం తీసుకున్నవాళ్ళ సంగతి వేరు. పత్రం లేని కొమ్మును అమెరికా కొడుక్కి పంపాలనుకోవడం కోరి తలనొప్పి తెచ్చుకోవడం.

అటు నుంచి ఇటు తెచ్చేవాళ్ళు వేరే. టెక్సాస్‌లో చట్టబద్ధంగా వేటాడిన తెల్లతోక జింక కొమ్ముల్ని అక్కడి సెక్యూరిటీ అనుమతిస్తుంది, మొనలు చుట్టి కప్పమని ఎయిర్‌లైన్లు అడుగుతాయి. పుర్రె ఉంటే మెదడు అవశేషం లేకుండా శుభ్రం చేయించాలి, జింకలకొచ్చే క్షీణత జబ్బు భయంతో చాలా రాష్ట్రాలు పుర్రె తరలింపు మీద ఆంక్షలు పెట్టాయి. ఇక్కడ దిగాక కస్టమ్స్, జంతు క్వారంటైన్ రెండూ అడుగుతాయి. చెన్నైలోనూ హైదరాబాదులోనూ క్వారంటైన్ కేంద్రాలున్నాయి, ముందే రాసి కనుక్కోండి. పత్రాల్లేకుండా తెస్తే అవి కస్టమ్స్ గోడౌన్‌లోనే ఉండిపోతాయి. నన్నడిగితే ఫొటో తీసుకుని కొమ్ములు అక్కడే గోడకి తగిలించుకోమంటాను.

అపోహ: పులిగోరు లాకెట్టు నగ కింద లెక్క.

బంగారం చుట్టినా పులిగోరు పులిగోరే. పులి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది, శిక్ష 3 నుంచి 7 ఏళ్ళు, జరిమానా 25,000 రూపాయలకు తగ్గదు. 2023 అక్టోబరులో బెంగళూరులో ఒక టీవీ షో పోటీదారుణ్ణి షో నడుస్తుండగానే ఈ లాకెట్టు కారణంగా అటవీ అధికారులు అరెస్టు చేశారు. జాతరల్లో అమ్మేవాటిలో చాలావరకు గొడ్డు గిట్టతోనో కొమ్ముతోనో చెక్కినవే, అయినా ఆ సంగతి మెడలో చూసి ఎవరూ తేల్చరు. హైదరాబాదులోని సీసీఎంబీ తాలూకు లాకోన్స్ లాంటి ల్యాబులు డీఎన్ఏ చూసి చెప్పాలి. అప్పటిదాకా అది అసలుదే అన్నట్టు నడుస్తుంది వ్యవహారం.

నెమలి ఈకల సంగతి చాలామంది అమ్మలు అడుగుతారు. దేశంలో సహజంగా రాలిన తోక ఈకలు ఉంచుకోవచ్చు. దేశం దాటించకూడదు. కృష్ణుడి విగ్రహం పంపేటప్పుడు ఈక తీసి ఇంట్లో పెట్టి పంపండి.

అపోహ: బుల్లెట్ కీచైన్, గ్రెనేడ్ లైటర్ బొమ్మలే కదా.

తెరమీద బొమ్మకీ నిజానికీ తేడా తెలీదు. తీసి పక్కన పెట్టమంటారు, మీరు కాదంటే పోలీసుల్ని పిలుస్తారు. తాళాలు మామూలు రింగుకి వేసుకోండి.