కణంలో ఇల్లు విప్పే మేస్త్రి

కోనసీమలో పాత మండువా లోగిలిని పడగొట్టరు, విప్పుతారు. ముందు పెంకులు దించి పేరుస్తారు, తర్వాత వాసాలు, ఆపైన దూలాలు, చివరికి ద్వారబంధాలు. టేకు కర్ర కదా, ముక్క కూడా వృథా పోనివ్వరు. కిందటి వేసవిలో అమలాపురం దగ్గర మా పెదనాన్నగారి ఇల్లు విప్పుతుంటే అరుగు మీద కూర్చుని చూశాను. మేస్త్రి సుద్దముక్కతో గీత పెట్టిన కర్రే కిందికి దిగింది. గీత లేనిదాని జోలికి ఎవరూ పోలేదు.

మన కణాల్లోనూ పొద్దస్తమానం ఇదే పని. మడత చెడిన ప్రోటీన్లకు, పని అయిపోయిన ప్రోటీన్లకు యుబిక్విటిన్ అనే ఇంకో చిన్న ప్రోటీన్ గొలుసులా తగులుకుంటుంది. దాని పొడవు 76 అమైనో ఆమ్లాలే. అదే సుద్ద గీత. గీత పడినదాన్ని ముక్కలు చేసే యంత్రం ప్రోటియసోమ్. ఈ గుర్తు సంగతి తేల్చినందుకు 2004లో ఆరన్ చెహనోవర్, అవ్రామ్ హెర్ష్కో, ఇర్విన్ రోజ్‌లకు రసాయనశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు.

యంత్రం నడుమ భాగం పీపాలా ఉంటుంది. ఏడేసి ముక్కల చుట్లు నాలుగు, ఒకదాని మీద ఒకటి. బయటి రెండు చుట్లూ ఆల్ఫా ముక్కలు, లోపలి రెండూ బీటా ముక్కలు. కత్తులన్నీ పీపా లోపలి గోడకే ఉంటాయి. బయటికి ఉంటే అడ్డొచ్చిన ప్రోటీన్నల్లా కోసి పారేసేవి. పీపా మీది టోపీ గుర్తును పట్టుకుని, దాన్ని ఊడదీసి దాచి, ప్రోటీన్ మడతలు విప్పి దారంలా లోపలికి తోస్తుంది. ఇందుకు ఖర్చయ్యే ఇంధనం ఏటీపీ. దాన్ని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కనిపెట్టింది భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుక్కున్నాడు. మా వైపు మనిషని గొప్ప చెప్పుకోవడం కాదు. సరే, కొంచెం ఉంది లెండి.

కత్తుల్లో నాకు బాగా నచ్చింది బీటా-5. ఇది ఒరతో పుడుతుంది. మొదట 263 అమైనో ఆమ్లాల పొడవుంటుంది. పీపా బిగింపు పూర్తయ్యే వేళకు ముందున్న 59 తెగిపోయి, 204 మిగులుతాయి. అప్పుడు బయటపడే థ్రియోనిన్ అనే అమైనో ఆమ్లమే అసలు పదును. పీపా కట్టకముందే పదును బయటపడకుండా ఈ ఏర్పాటు. మల్టిపుల్ మైలోమా అనే రక్త క్యాన్సర్‌కు అమెరికాలో 2003లో అనుమతి పొందిన బోర్టెజోమిబ్ మందు ప్రధానంగా ఈ పదునునే పట్టుకుని ఆపుతుంది. ఆ క్యాన్సర్ కణాలు రాత్రీ పగలూ ప్రోటీన్ తయారుచేస్తాయి కాబట్టి చెత్త ఎత్తే దారి మూసుకుపోతే త్వరగా ఉక్కిరిబిక్కిరవుతాయి.

మరి ఏ కణజాలంలో బీటా-5 ఎంత ఉందో ఎలా తెలుస్తుంది? మా మేనకోడలు రాజమహేంద్రవరంలో ఒక పాథాలజీ ల్యాబ్‌లో టెక్నీషియన్. అక్కడ రోజూ చూసేది వేరే ప్రోటీన్లనే గానీ పరిశోధకులు వాడే పద్ధతీ ఇదే. ఫార్మలిన్‌లో ఉంచిన కణజాలాన్ని మైనంలో దిమ్మగా పోసి, నాలుగు మైక్రాన్ల మందాన పొరలు తీసి గాజు పలక మీద పరుస్తారు. ఫార్మలిన్ ప్రోటీన్లను ఒకదానికొకటి ముడేసేస్తుంది. ఆ ముడులు సడలాలంటే సిట్రేట్ ద్రావణంలో ఉడికించాలి. దేంట్లో అని అడిగాను. "కుక్కర్లోనే మావయ్యా, పప్పు ఉడికించే లాంటిదే" అంది నవ్వుతూ.

తర్వాత బీటా-5ను మాత్రమే పట్టుకునే యాంటీబాడీ వేస్తారు. దాన్ని పట్టుకునే ఇంకో యాంటీబాడీకి ఒక ఎంజైమ్ తగిలించి ఉంటుంది. డ్యాబ్ అనే రసాయనం వేయగానే ఎంజైమ్ ఉన్నచోట గోధుమ రంగు తేలుతుంది. కేంద్రకాలకు నీలం రంగు అద్దుతారు. ప్రోటియసోమ్ కేంద్రకంలోనూ బయటా కూడా ఉంటుంది కాబట్టి గోధుమ రంగు రెండు చోట్లా రావచ్చు.

చూడ్డానికి తేలిక, నమ్మడమే కష్టం. ఎర్ర రక్తకణాల్లో సహజంగానే అలాంటి ఎంజైమ్ గుణం ఉంటుంది. ముందే హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో దాని నోరు మూయించకపోతే అవీ గోధుమ రంగులో కనిపిస్తాయి. చర్మంలో మెలనిన్ రంగూ అంతే. ఇంకో చిక్కు, బీటా-5కి ఒక దాయాది ఉంది. ఇంటర్ఫెరాన్ గామా అనే హెచ్చరిక అందితే కణం కొత్తగా కట్టే పీపాల్లో బీటా-5 స్థానంలో బీటా-5ఐ అనే పోలికున్న ముక్కను బిగిస్తుంది. యాంటీబాడీ ఈ ఇద్దరినీ ఒకరే అనుకుంటే లెక్కంతా తారుమారు.

అందుకే మొదటి యాంటీబాడీ వేయని పలక ఒకటి పక్కన ఉంచుకుంటారు. దాని మీదా గోధుమ రంగు తేలితే అది బీటా-5ది కాదన్నమాట. అసలు బీటా-5 లేని కణజాలంతో పోల్చి చూస్తే ఇంకా మేలు కదా అనిపిస్తుంది. కానీ ఇది లేకుండా కణం బతకదు. కాబట్టి పెట్రీ పాత్రల్లో పెంచే కణాల్లో దీని తయారీని తగ్గించి, రంగు కూడా తగ్గిందా అని చూస్తారు. వెస్టర్న్ బ్లాట్ అనే పరీక్ష చేస్తే ప్రోటీన్లు బరువును బట్టి విడిపోతాయి గనుక ఒరతో ఉన్న కత్తీ ఒర తీసిన కత్తీ వేరు వేరు గీతలుగా పడతాయి. పలక మీది గోధుమ రంగుకు ఆ తేడా తెలియదు.

నన్నడిగితే ఆ రంగు చూసి "ఇక్కడ ప్రోటియసోమ్ బాగా పనిచేస్తోంది" అని రాసేవాళ్లు తొందరపడుతున్నట్టే. మేస్త్రి అరుగు మీద కూర్చుని ఉన్నాడా, దూలం దించుతున్నాడా అన్నది ఫోటో చెప్పదు. పని చూడాలంటే బీటా-5 కోసే చిన్న ప్రోటీన్ తునకకు, కోస్తేనే మెరిసే పదార్థాన్ని అతికించి కణజాల రసంలో కలిపి, మెరుపు ఎంత వేగంగా పెరుగుతుందో కొలుస్తారు. దీనికి ఫార్మలిన్ ముక్క పనికిరాదు, తాజాది కావాలి. కోసిన వెంటనే గడ్డకట్టించాలి, కరగనివ్వకూడదు. ఈ మాట చెబితే భీమవరంలో రొయ్యల చెరువున్న మా తమ్ముడు, "అంతే కదండీ, గట్టు మీదే ఐసు పడాలి" అన్నాడు.